పేజీ బాగా కనిపిస్తే పాఠం వచ్చినట్టేనా? యూనివర్సిటీ తొలి వెబ్ డిజైన్ కోర్సు తడబడుతున్నది ఎక్కడ

క్లుప్తంగా: తొలి వెబ్ డిజైన్ కోర్సు గురించి ఇప్పుడు నడుస్తున్న చర్చంతా ఏఐ చుట్టూనే తిరుగుతోంది. చిక్కు మాత్రం అంతకన్నా చాలా పాతది. బ్రౌజర్ తప్పుల్ని బయటపెట్టకుండా సర్దేస్తుంది. అందుకే తెరమీద పేజీని చూసి విద్యార్థికి ఏం వచ్చో, ఏం రాలేదో తేల్చడం మొదటినుంచీ కష్టమే. ఏఐ వచ్చాక ఆ లొసుగును ఇక పట్టించుకోక తప్పని పరిస్థితి ఏర్పడింది. దాంతో సిలబస్ కన్నా ముందు మార్కులు వేసే పద్ధతి మీద ఒత్తిడి పెరుగుతోంది.

నాలుగు పేజీల వెబ్‌సైట్ కావాలని మామూలు మాటల్లో అడిగితే ఏఐ టూల్ నిమిషాల్లో తయారుచేసి పెడుతోంది. రంగులు కుదురుతాయి, మెనూ పనిచేస్తుంది, ఫోన్‌లో తెరిస్తే పేజీ దానంతట అదే సర్దుకుంటుంది. చాలా యూనివర్సిటీల్లో మొదటి వెబ్ డిజైన్ కోర్సు చివర ఇచ్చే ప్రాజెక్టు సరిగ్గా ఇదే. సెమిస్టర్ మొత్తం నేర్పి చేయించే పని టీ తాగేలోపు అయిపోతుంటే ఈ కోర్సు ఇంకా ఎందుకన్న ప్రశ్న రావడం సహజం. అయితే ఆ ప్రశ్న వెనక ఒక ఊహ ఉంది. కోర్సు అసలు ఉద్దేశం పేజీ తయారుచేయించడమే అన్న ఊహ అది. అది ఎంతవరకు నిజమో తెలియాలంటే కోర్సు లోపల ఏం జరుగుతుందో చూడాలి.

ఒకే పేరు, వేరువేరు కోర్సులు

వెబ్ డిజైన్ ఏ విభాగం సొత్తో ఇప్పటికీ తేలలేదు. కంప్యూటర్ సైన్స్ వాళ్లు నేర్పితే పేజీలో ఏముందో చెప్పే హెచ్‌టీఎంఎల్, అది ఎలా కనిపించాలో చెప్పే సీఎస్ఎస్ మొదటి కొన్ని వారాల్లోనే ముగుస్తాయి. ఆపైన జావాస్క్రిప్ట్, సర్వర్, డేటాబేస్ అంటూ పరుగే. గ్రాఫిక్ డిజైన్ విభాగంలో అయితే ఫిగ్మాలో తెరలు గీయడం, అక్షరాల ఎంపిక, గ్రిడ్, రంగుల పొందిక ముందుకొస్తాయి. కోడ్ చివర్లో వస్తుంది, కొన్నిచోట్ల అసలు రాదు. జర్నలిజం విభాగం కోడ్ రాయకుండానే సైట్ కట్టే వర్డ్‌ప్రెస్‌తో మొదలుపెడుతుంది. లైబ్రరీ, ఇన్ఫర్మేషన్ సైన్స్ వాళ్లకు సమాచారాన్ని ఎలా విభజించాలి, చదివేవాళ్లు దాన్ని ఎలా వెతుక్కుంటారు అన్నదే ముఖ్యం.

నాలుగూ సరైన కోర్సులే. ఇబ్బందల్లా పై కోర్సుకి వెళ్లినప్పుడు. తొలి కోర్సు పాసైన వాళ్లకు ఇది వచ్చి ఉంటుందని పై కోర్సు టీచర్ అనుకునేది ఒకటి, విద్యార్థికి వచ్చింది ఇంకొకటి. పైగా ఈ కోర్సులో చేరడానికి ముందు ఫలానాది చదివి ఉండాలన్న షరతు సాధారణంగా ఉండదు. స్కూల్లోనే కోడ్ రాసిన వాళ్లూ, కోడ్ రాసే ఎడిటర్ ఎప్పుడూ తెరవని వాళ్లూ పక్కపక్కన కూర్చుంటారు. ఒకరికి విసుగు, ఒకరికి భయం. మధ్యలో ఏ వేగంతో వెళ్లినా సగం క్లాసు అసంతృప్తిగానే ఉంటుంది.

బ్రౌజర్ నోరు విప్పదు

పైథాన్ క్లాసులో బ్రాకెట్ మర్చిపోతే ప్రోగ్రామ్ ఆగిపోతుంది, ఏ లైన్ దగ్గర ఆగిందో చెబుతుంది. ఆ సందేశం అర్థం కాకపోయినా, తప్పు జరిగిందన్న సంగతి మాత్రం తెలుస్తుంది. వెబ్ పేజీకి ఆ భాగ్యం లేదు. ట్యాగులంటే శీర్షిక, పేరా లాంటి భాగాలకు పెట్టే గుర్తులు. ముగింపు ట్యాగు మర్చిపోయినా, ట్యాగులు ఒకదాన్లో ఒకటి చిక్కుపడినా, లోకంలో లేని ట్యాగు పేరు రాసినా బ్రౌజర్ ఏదో ఒకలా సర్ది పేజీని చూపించేస్తుంది.

సీఎస్ఎస్‌లో ఇది మరీ ఇబ్బంది. ఒక విద్యార్థి మూడు లైన్లు రాశాడనుకుందాం. మొదటిది అక్షరాల రంగు ఎరుపు అని, రెండోది సైజు 20 పిక్సెళ్లని, మూడోది చుట్టూ 10 పిక్సెళ్ల ఖాళీ అని. మొదటి లైను చివర సెమికోలన్ పెట్టడం మర్చిపోయాడు. బ్రౌజర్ మొదటి రెండు లైన్లనూ కలిపి ఒకే ఆదేశంగా చదువుతుంది. దానికి అర్థం లేదని రెండింటినీ వదిలేస్తుంది. మూడోదాన్ని మాత్రం అమలు చేస్తుంది. తెరమీద రంగు మారదు, సైజు మారదు, ఖాళీ వస్తుంది. సైజు లైనులో ఏదో తప్పుందనుకుని విద్యార్థి 20ని 30 చేస్తాడు, 40 చేస్తాడు. ఆ లైనులో తప్పేమీ లేదు. తప్పు దాని పై లైనులో ఉంది, అదీ కంటికి ఆనని ఒక్క గుర్తులో. ఎడిటర్ అడుగున ఎర్ర గీత గీస్తుంది కానీ, కొత్తవాళ్లకు అది అలంకారంలాగే కనిపిస్తుంది. ల్యాబ్‌లో సగం టెన్షన్ ఇలాంటి చోట్ల పుట్టేదే.

వెబ్ ఇలా తయారవడానికి కారణం దాని పుట్టుకలోనే ఉంది. యూరప్‌లోని అణు పరిశోధన కేంద్రం సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించి, 1991లో బయటివాళ్లకు అందుబాటులోకి తెచ్చిన వెబ్‌లో పేజీలు చేత్తో రాసేవి. రాసేవాళ్లలో ప్రోగ్రామర్లు కానివాళ్లు ఎందరో. తప్పులున్న పేజీని చూపించనని మొండికేసే బ్రౌజర్‌ను ఎవరు వాడతారు? అందుకే పోటీలో ఉన్న ప్రతి బ్రౌజరూ వీలైనంత ఉదారంగా ఉండాల్సి వచ్చింది. దీన్ని కట్టడి చేయాలని ఒక ప్రయత్నం జరిగింది. 2000లో వచ్చిన, హెచ్‌టీఎంఎల్‌కు కఠినమైన రూపమైన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్‌ను దాని అసలు నియమాల ప్రకారం పంపితే, ఒక్క తప్పుకే పేజీ బదులు ఎర్రర్ కనిపించేది. టీచర్లకు అది నచ్చినా వెబ్ దాన్ని ఒప్పుకోలేదు. ఆ వరసలో తర్వాతి వెర్షన్ పనిని 2009లో ఆపేశారు. హెచ్‌టీఎంఎల్5 సరిగ్గా ఎదురు దారి పట్టింది. తప్పుల తడక పేజీని కూడా అన్ని బ్రౌజర్లూ ఒకేలా ఎలా సర్దాలో అది అడుగడుగునా రాసిపెట్టింది.

వెబ్‌కి ఇది ఎంత మేలు చేసిందో క్లాసుకి అంత కష్టం తెచ్చిపెట్టింది. ఏ చదువులోనైనా తప్పు తెలియడమే దిద్దుకోవడానికి మొదటి మెట్టు. ఇక్కడ ఆ మెట్టే లేదు. అందుకే అనుభవం ఉన్న టీచర్లు మొదటి వారంలోనే రెండు అలవాట్లు చేయిస్తారు. ఒకటి, పేజీని తప్పులు వెతికే వాలిడేటర్‌లో వేసి చూడటం. రెండోది, బ్రౌజర్‌లో ఉండే ఇన్‌స్పెక్ట్ తెరిచి ఏ ఆదేశం అమలైందో, దేన్ని బ్రౌజర్ కొట్టేసిందో చూడటం. ట్యాగుల జాబితా బట్టీ పట్టించడం కన్నా ఈ రెండూ ఎక్కువ పనికొస్తాయి. అయినా చాలా సిలబస్‌లలో ఇవి ఎక్కడో చివర్లో ఉంటాయి, లేదా ఉండవు.

దొడ్డిదారులు కొత్తవి కావు

అర్థం కాకుండానే పేజీ తయారుచేయడం ఏఐతో మొదలు కాలేదు. సీఎస్ఎస్ మొదటి వెర్షన్ 1996 డిసెంబరులో ప్రామాణికమైనా, బ్రౌజర్లు దాన్ని సరిగా అమలు చేయడానికి ఏళ్లు పట్టింది. అప్పటిదాకా పేజీ అమరికకు పట్టికలే గతి. పట్టికలో పట్టిక, అందులో ఇంకో పట్టిక, మధ్యలో ఖాళీ కోసం కంటికి కనపడని ఒక్క పిక్సెల్ బొమ్మ. ఎవరి పేజీ బాగుంటే వాళ్ల సోర్స్ తెరిచి కాపీ కొట్టడమే పాఠం. అదే కాలంలో ఫ్రంట్‌పేజ్, డ్రీమ్‌వీవర్ లాంటివి వచ్చాయి. మౌస్‌తో లాగి పెడితే కోడ్ వెనకాల అదే తయారయ్యేది. ఆ రోజుల్లో ఎన్నో కోర్సులు నిజానికి ఆ సాఫ్ట్‌వేర్ మెనూల మీద శిక్షణే.

2011లో ట్విట్టర్ నుంచి బూట్‌స్ట్రాప్ అనే రెడీమేడ్ సీఎస్ఎస్ కట్ట వచ్చాక దారి ఇంకా సులువైంది. తయారుగా ఉన్న గుర్తింపు పేర్లు (కోడ్‌లో వీటినీ క్లాసులనే అంటారు) అతికిస్తే మూడు నిలువు వరసలు వచ్చేస్తాయి, ఫోన్‌లో ఒకదాని కింద ఒకటి చేరతాయి. ఎందుకు చేరాయని అడిగితే జవాబు ఉండదు. పరిశ్రమకు ఈ పనిముట్లన్నీ ఉపయోగపడ్డాయి, వాటిని తప్పుపట్టడానికి లేదు. క్లాసులో మాత్రం ప్రతిదీ ఒకే పని చేసింది. తెరమీది ఫలితానికీ, దాని వెనక ఉండాల్సిన అవగాహనకూ మధ్య దూరాన్ని ఇంకాస్త పెంచింది. ఏఐ ఆ వరసలో తాజాది, అన్నిటికన్నా బలమైనది.

ఎదురు దిశలో సాగిన ప్రయత్నాల్లో ఒకటి ఇప్పటికీ చెప్పుకోదగ్గది. 2003లో డేవ్ షే మొదలుపెట్టిన సీఎస్ఎస్ జెన్ గార్డెన్‌లో హెచ్‌టీఎంఎల్ ఒక్కటే. సీఎస్ఎస్ ఫైలు మార్చితే చాలు, అదే పేజీ గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. విషయం వేరు, రూపం వేరు అన్నది గంటసేపు ఉపన్యాసం ఇచ్చినా ఎక్కని క్లాసుకి రెండు క్లిక్కుల్లో ఎక్కేది. తొలి కోర్సు చెప్పాల్సిన వాటిలో ఇంతకన్నా ముఖ్యమైనవి పెద్దగా లేవు.

ఫోల్డర్ దగ్గరే మొదటి దెబ్బ

ట్యాగుల కన్నా ముందు వచ్చే అడ్డంకి ఒకటుంది, కోర్సు వివరాల్లో అది కనిపించదు. ఫోన్‌తోనే పెరిగిన విద్యార్థులకు ఫైలు ఎక్కడో ఒక ఫోల్డర్‌లో, ఆ ఫోల్డర్ ఇంకో ఫోల్డర్‌లో ఉంటుందన్న ఊహ కొత్త. ఫోన్‌లో ఫొటో గ్యాలరీలో ఉంటుంది, పాట యాప్‌లో ఉంటుంది. ఎక్కడుందని అడగాల్సిన అవసరమే రాదు. వెబ్ పేజీలో బొమ్మ కనిపించాలంటే మాత్రం దాని దారి అక్షరం పొల్లుపోకుండా రాయాలి.

ఈ తప్పులు కూడా వెంటనే బయటపడవు. బొమ్మ ఫైలు పేరు క్యాపిటల్ అక్షరంతో మొదలవుతుంది, కోడ్‌లో స్మాల్ అక్షరంతో రాశారు. విండోస్‌లో, మ్యాక్‌లో మామూలుగా ఆ తేడా పట్టించుకోరు కాబట్టి సొంత ల్యాప్‌టాప్‌లో బొమ్మ చక్కగా వస్తుంది. లినక్స్ సర్వర్ మీద పెట్టగానే మాయమవుతుంది, ఎందుకంటే లినక్స్‌కు అవి రెండు వేరు పేర్లు. ఇంకొందరు సీ డ్రైవ్ నుంచి మొదలుపెట్టి మొత్తం దారి రాస్తారు. ఆ బొమ్మ లోకంలో ఒక్క కంప్యూటర్‌లోనే కనిపిస్తుంది. ఇవన్నీ బయటపడేది ప్రాజెక్టు ఇవ్వాల్సిన రాత్రి. సెమిస్టర్ చివరి దాకా ఆగకుండా మొదటి రోజు రాసిన మూడు లైన్ల పేజీనే సర్వర్ మీద పెట్టిస్తే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. గిట్‌హబ్ పేజెస్ లాంటి ఉచిత సదుపాయాలతో అది ఇప్పుడు పెద్ద పనేమీ కాదు. అయితే దానికోసం కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ నేర్పాలా, వద్దా అన్నది ఇంకో వివాదం. మొదటి వారంలోనే ఆదేశాలు టైపు చేసే కమాండ్ లైన్ చూపిస్తే భయపడి మానేసేవాళ్లు ఉంటారు.

ఏది పాతబడుతుంది, ఏది పడదు

సిలబస్ మీద తరచూ వినిపించే ఫిర్యాదు అది పాతబడిపోయిందని. సగమే నిజం. అమరిక పద్ధతులు నిజంగానే మారాయి. పట్టికల తర్వాత ఫ్లోట్, దాని తర్వాత ఫ్లెక్స్‌బాక్స్, 2017లో ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ సీఎస్ఎస్ గ్రిడ్. 2010లో డిజైనర్ ఈతన్ మార్కాట్, తెరకు తగ్గట్టు పేజీ సర్దుకునే పద్ధతికి రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అన్న పేరు పెట్టాక, తెర వెడల్పు ఇంత అని ముందే అనుకుని గీసే పద్ధతి కాలం చెల్లింది. ఇప్పటికీ ఫ్లోట్‌తో పేజీ మొత్తం కట్టించే కోర్సు విద్యార్థి సమయాన్ని వృథా చేస్తోందనే చెప్పాలి.

మరోవైపు అడుగున ఉన్నవి కదల్లేదు. సెర్న్‌లో పుట్టిన మొదటి వెబ్‌సైట్ పేజీలు ఈనాటి బ్రౌజర్‌లోనూ తెరుచుకుంటాయి. శీర్షిక, పేరా, లింకు అనే విభజన అలాగే ఉంది. ఒకప్పుడు క్లాసుల్లో వెలిగిపోయిన యానిమేషన్ టూల్ ఫ్లాష్‌కు మాత్రం 2020 డిసెంబరు 31తో అడోబీ మద్దతు ముగిసింది. మొదటిసారి కోడ్ రాసేవాళ్ల కోసం మొజిల్లా నడిపిన థింబుల్ 2019లో మూతపడింది. టూల్ పేరు మీద కట్టిన కోర్సు ఆ టూల్‌తోనే పోతుంది. సిలబస్ మార్పుకు కమిటీల ఆమోదం కావాల్సిన యూనివర్సిటీల్లో కొత్త పాఠం కాగితం మీదికి వచ్చేసరికే అందులోని సాఫ్ట్‌వేర్ వెనకబడి ఉంటుంది. కోర్సు పత్రంలో టూల్ పేర్లు రాయకుండా, విద్యార్థి ఏం చేయగలగాలో మాత్రమే రాస్తే టీచర్‌కు ఏటా టూల్ మార్చుకునే వెసులుబాటు మిగులుతుంది.

మారని వాటిలో విద్యార్థుల్ని ఎక్కువ ఏడిపించేది బాక్స్ మోడల్, అంటే పేజీలో ప్రతిదాన్నీ ఒక పెట్టెగా లెక్కపెట్టే పద్ధతి. వెడల్పు 300 పిక్సెళ్లని రాస్తారు. లోపల రెండు వైపులా 20 చొప్పున ఖాళీ, 5 చొప్పున గీత పెడతారు. తెరమీద ఆ పెట్టె 350 ఆక్రమిస్తుంది, ఎందుకంటే మామూలు లెక్కలో వెడల్పంటే లోపలి విషయానికి మాత్రమే. చెరి 50 శాతం ఇచ్చిన రెండు ఫ్లోట్ పెట్టెల్లో రెండోది కిందికి జారడానికీ ఇదే కారణం. ఇందులో ఒక తమాషా ఉంది. ఖాళీనీ గీతనూ కలుపుకొని వెడల్పు లెక్కపెట్టడం పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ చేసిన పొరపాటని ఒకప్పుడు అందరూ తిట్టారు. ఇప్పుడు డిజైనర్లలో ఎక్కువమంది ఆ లెక్కనే ఏరికోరి, బోర్డర్-బాక్స్ పేరుతో ప్రతి ప్రాజెక్టు మొదట్లోనే పెట్టుకుంటున్నారు.

చివరి వారానికి నెట్టేసిన పాఠం

చూపు లేనివాళ్లు, మౌస్ పట్టుకోలేనివాళ్లు, రంగుల తేడా తెలియనివాళ్లు కూడా వాడగలిగేలా పేజీ ఉండాలనే యాక్సెసిబిలిటీ చాలా కోర్సుల్లో ఆఖరి వారం పాఠం. సెలవులొస్తే ఎగిరిపోయేదీ అదే. దీని నియమాలు కొత్తవి కావు. డబ్ల్యూసీఏజీ అనే నియమావళి మొదటి వెర్షన్ 1999లో, 2.2 వెర్షన్ 2023లో వచ్చాయి. అయినా వెబ్‌ఎయిమ్ సంస్థ 2019 నుంచి ఏటా పది లక్షల ప్రముఖ హోమ్ పేజీలను పరీక్షిస్తుంటే, ఆ తొలి ఏళ్లలో 95 శాతానికి పైగా పేజీల్లో యంత్రం పట్టుకోగలిగిన తప్పులే దొరికాయి. అన్నిటికన్నా ఎక్కువగా దొరికేది వెనక రంగులో కలిసిపోయే అక్షరాల రంగు.

ఈ తప్పు ఎంత సన్నటిదో ఒక ఉదాహరణ చాలు. తెల్లటి వెనక రంగు మీద మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5:1 వెలుగు తేడా (కాంట్రాస్ట్) ఉండాలని నియమం. డిజైనర్లకు ఇష్టమైన బూడిద రంగుల్లో ఒకటైన 777777 కోడ్ రంగుకు ఆ తేడా 4.48 దగ్గర ఆగుతుంది. ఒక్క మెట్టు ముదురుగా 767676 తీసుకుంటే నెగ్గుతుంది. కంటికి రెండూ ఒకటే. కాబట్టి బాగానే కనిపిస్తోందిగా అన్న వాదన ఇక్కడ చెల్లదు, కొలవాలి. యూరోపియన్ యాక్సెసిబిలిటీ యాక్ట్ 2025 జూన్ 28 నుంచి అమల్లోకి రావడంతో, అక్కడ ఆన్‌లైన్ అమ్మకాలు, బ్యాంకింగ్ లాంటి ఎన్నో సేవలకు ఇది చట్టం అయింది. హెడింగ్, బటన్, ఫారం పాఠాలు చెప్పేటప్పుడే కలిపి చెబితే దీనికి విడిగా వారం అక్కర్లేదు. బటన్‌కు బటన్ ట్యాగే ఎందుకు వాడాలి, డివ్ అనే ఉత్త పెట్టె ట్యాగు మీద రంగు పూస్తే సరిపోదా అన్న ప్రశ్నకు కీబోర్డు మీద ట్యాబ్ నొక్కి చూపిస్తే అర నిమిషంలో జవాబు వస్తుంది. డివ్ దగ్గర ట్యాబ్ ఆగదు.

ఏఐ మార్చిన లెక్క

2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక తొలి కోర్సులో ఎక్కువ దెబ్బ తిన్నది ఇంటి దగ్గర చేసి తెచ్చే ప్రాజెక్టు. వెబ్ పేజీల కోడ్ ఇంటర్నెట్ నిండా బహిరంగంగా ఉంటుంది. అందుకే ఈ మోడళ్లకు బాగా చేతనయ్యే పనుల్లో ఇదొకటి. రాసింది విద్యార్థా, యంత్రమా అని పట్టుకునే టూళ్లు ఇక్కడ పెద్దగా పనికిరావు. హెడింగ్, మెనూ, ఫుటర్ ఉన్న పేజీని ఎవరు రాసినా ఇంచుమించు అలాగే ఉంటుంది.

దీనికి యూనివర్సిటీల్లో మూడు రకాల స్పందనలు కనిపిస్తున్నాయి. పూర్తిగా నిషేధించి ల్యాబ్‌లో పరీక్ష పెట్టడం ఒకటి. వాడుకోమని చెప్పి ఎక్కడ వాడారో రాయమనడం ఇంకొకటి. మార్కుల్ని ఫలితం మీద నుంచి పని జరిగిన తీరు మీదికి మార్చడం మూడోది. మొదటిది అమలు చేయడం తేలిక, కానీ బయట ఉద్యోగంలో అందరూ వాడే పనిముట్టు లేకుండా పరీక్షిస్తుంది. రెండోది నిజాయితీ మీద ఆధారపడుతుంది. మూడోదే చిక్కు మూలానికి దగ్గరగా వెళ్తుంది.

దాని రూపాలు కొన్ని ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. పేజీ కట్టమనే బదులు చెడిపోయిన పేజీ ఇచ్చి బాగుచేయమనడం వాటిలో ఒకటి. పైన చెప్పిన సెమికోలన్ లాంటివి ఐదారు దాచిపెడితే, ఎవరికి చదవడం వచ్చో తెలిసిపోతుంది. 2006లో ప్రోగ్రామింగ్ పాఠాల కోసం వచ్చిన పార్సన్స్ ప్రాబ్లమ్స్‌లో కోడ్ లైన్లన్నీ ఇచ్చేస్తారు, వరస మాత్రం కలిపేస్తారు. ట్యాగులు ఒకదాన్లో ఒకటి ఎలా ఇముడుతాయో తెలుసుకోవడానికి ఇది బాగా సరిపోతుంది. గిట్ చరిత్రలో పని రోజురోజుకీ ఎలా పెరిగిందో చూడటం, విద్యార్థినే పిలిచి ఈ లైను తీసేస్తే ఏమవుతుందని అడగడం కూడా ఉన్నాయి.

చివరిది అన్నిటికన్నా నమ్మకమైనది, ఖర్చు కూడా దానిదే ఎక్కువ. 60 మంది ఉన్న క్లాసులో ఒక్కొక్కరికీ పది నిమిషాలు ఇస్తే పది గంటలవుతుంది, అదీ ఒక్క ప్రాజెక్టుకు. అందుకే పెద్ద క్లాసులు ఆటోమేటిక్ చెకర్ల వైపు మొగ్గుతాయి. అడిగింది పేజీలో ఉందా, లేదా అన్నది చెకర్ చూస్తుంది కానీ దానికి అర్థం ఉందో లేదో చూడలేదు. బొమ్మకు వివరణగా ఉత్త 'బొమ్మ' అని రాసినా ఆల్ట్ టెక్స్ట్ ఉన్నట్టు లెక్కేసి మార్కు వేసేస్తుంది.

ముందు ముందు ఏం జరగొచ్చు

ఈ కోర్సు పూర్తిగా మాయమయ్యే అవకాశం తక్కువ. ఏఐ ఇచ్చిన పేజీలో మెనూ ఫోన్‌లో తెరుచుకోకపోతే, ఎక్కడ చెడిందో మామూలు మాటల్లో చెప్పడానికైనా పేజీ నిర్మాణం తెలియాలి. తెలియనివాళ్లు మళ్లీ మళ్లీ బాగుచేయమని అడుగుతూ పోతారు, ప్రతిసారీ ఇంకేదో చెడుతుంది. కాబట్టి రాయడం కన్నా చదవడం, కొలవడం, సరిచేయడం మీద సమయం పెరుగుతుందని అనుకోవచ్చు. ఎన్ని పేజీలు చేశారన్న లెక్క తగ్గి, ఒకే పేజీని సెమిస్టర్ పొడవునా తిప్పితిప్పి మెరుగుపరిచే పద్ధతి రావచ్చు.

అన్ని యూనివర్సిటీలకూ ఇది ఒకేలా సాధ్యపడదు. చిన్న క్లాసులు, ల్యాబ్ సహాయకులు ఉన్నచోట మౌఖిక పరీక్ష నిలబడుతుంది. ఒకే టీచర్ రెండొందల మందికి చెప్పేచోట పాత ప్రాజెక్టే కొనసాగుతుంది, మార్కులూ బాగానే వస్తాయి. రెండుచోట్లా సర్టిఫికెట్ మీద కోర్సు పేరు ఒకటే కాబట్టి ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఆ పేరును పట్టించుకోవడం తగ్గించి సొంతంగా పరీక్ష పెట్టుకోవచ్చు. ఇంటర్వ్యూలో చెడిపోయిన పేజీ ముందు పెట్టి ఇన్‌స్పెక్ట్ తెరవమనడం అందుకు అన్నిటికన్నా చవకైన పద్ధతి.